పాత ల్యాప్‌టాప్‌కు లినక్స్ మింట్: ఎంచుకోవడం, పెన్ డ్రైవ్ మీద నడిపి చూడటం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు భద్రతా సవరణలు మరో ఏడాది అందే ఏర్పాటు ఉన్నప్పటికీ, అది గడువును కొంత వెనక్కి జరపడమే తప్ప పరిష్కారం కాదు. విండోస్ 11కు మారుదామంటే, టీపీఎం 2.0 (భద్రతా తాళాలను దాచే చిప్) లేని యంత్రాలనూ, ఇంటెల్ 8వ తరానికి ముందు వచ్చిన ప్రాసెసర్లలో దాదాపు అన్నింటినీ అది అధికారికంగా అంగీకరించదు. అందువల్ల 2016, 2017 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లు, తెరా కీబోర్డూ చెక్కుచెదరకుండా ఉన్నా, పాత సామాన్ల బండికి వేయవలసిన స్థితికి వచ్చాయి. మా ఇంట్లో అటువంటిది ఒకటి ఉంది: 6వ తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు. ఉద్యోగ విరమణ చేసిన మా నాన్నగారు దానిపైనే పత్రికలు చదువుతారు, ఉత్తరాలు టైపు చేస్తారు, సాయంత్రం యూట్యూబులో హరికథలు పెట్టుకుంటారు. ఆ యంత్రాన్ని లినక్స్‌కు మార్చేటప్పుడు అనుసరించిన క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. ఏ లినక్స్ మంచిదో పదిమంది అభిప్రాయాలు చదివి తేల్చుకోవడం కంటే, ఒకదానిని తీసుకొని మీ యంత్రం మీద, మీ పనులతో ఒక పూట నడిపి చూడటమే మేలని నా అనుభవం. అందుకే ఈ వ్యాసంలో ఎంపికకు తక్కువ చోటు, పరీక్షకు ఎక్కువ చోటు ఇచ్చాను.

ఏది తీసుకోవాలి

లినక్స్ అని మనం పిలిచేది నిజానికి కర్నెల్ మాత్రమే; అంటే ప్రాసెసరు, మెమరీ, ఇతర పరికరాల చేత పని చేయించే లోపలి పొర. దానిని 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టారు. ఆ కర్నెల్‌కు, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు ఉపకరణాలనూ, డెస్క్‌టాప్‌నూ, బ్రౌజరునూ, ఆఫీసు సాఫ్ట్‌వేరునూ జోడించి, నేరుగా ఇన్‌స్టాల్ చేసుకొనేందుకు వీలుగా కూర్చిన మొత్తాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, అందరికీ తెరిచి ఉంది కనుక ఎవరైనా కొత్త డిస్ట్రోను కూర్చవచ్చు, కూర్చారు కూడా; అవి వందల సంఖ్యలో ఉన్నాయి. కొత్తవారు బెదిరేది ఈ సంఖ్యను చూసే. వంశవృక్షం చూస్తే ఆ బెదురు కొంత తగ్గుతుంది. 1993లో మొదలైన డెబియన్ ఆధారంగా 2004లో ఉబుంటు వచ్చింది, ఉబుంటు ఆధారంగా 2006లో లినక్స్ మింట్ వచ్చింది. వీటిలో ఒకదానికి చెప్పిన చిట్కా చాలావరకు మిగిలిన రెండింటికీ పనికివస్తుంది.

విండోస్‌కు అలవాటుపడిన చేతికి నేను మింట్‌నే సూచిస్తాను. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం ఉండటం వల్ల నాన్నగారికి నేను నేర్పవలసినది పెద్దగా లేకపోయింది. అప్‌డేట్లు వచ్చాయని అది తెలియజేసి ఊరుకుంటుంది. మీరు ఉత్తరం మధ్యలో ఉండగా తనంతట తాను రీస్టార్ట్ కాదు. ప్రస్తుత 22 శ్రేణికి 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి. కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు ఉంటే నడుస్తుందని తయారీదారులు చెబుతున్నారు గాని, బ్రౌజరులో నాలుగు ట్యాబులు తెరిచే అలవాటు ఉన్నవారు 4 జీబీకి తక్కువ ఉన్న యంత్రంపై ఆశ పెట్టుకోకపోవడం మంచిది. ఈ శ్రేణి 64 బిట్ ప్రాసెసర్ల మీద మాత్రమే పనిచేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

మింట్ మూడు రూపాలలో దొరుకుతుంది: సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ. మూడింటి లోపలి యంత్రాంగం ఒక్కటే. పైకి కనిపించే డెస్క్‌టాప్ మాత్రమే వేరు. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు) ఉంటే సినమన్ తీసుకోండి. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తీసుకోండి. అది చూడటానికి కాస్త సాదాగా ఉంటుంది గాని తేలికగా కదులుతుంది. మాటేను కాదనడానికి కారణమేమీ లేదు, అయితే ఈ రెండింటి మధ్య దాని కోసం ప్రత్యేకంగా వెతకవలసిన అవసరమూ కనిపించలేదు. పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం వల్ల వచ్చే వేగం, ఏ డిస్ట్రో మార్చినా రాదు. ఖర్చు పెట్టగలిగితే ముందుగా ఆ పని చేయించండి.

అందంగా కనిపించేదే కావాలనుకొనేవారికి జోరిన్ ఓఎస్ ఉంది. ఐర్లండ్‌లో తయారయ్యే ఈ డిస్ట్రో తన 18వ కూర్పును సరిగ్గా విండోస్ 10 మద్దతు ముగిసిన రోజునే విడుదల చేసింది. ఎవరిని ఉద్దేశించిందో వేరే చెప్పనక్కరలేదు. ఉబుంటు కూడా మంచిదే, కాని దాని డెస్క్‌టాప్ అమరిక విండోస్‌ను పోలదు కనుక మొదటి వారం తడబాటు తప్పదు. మన ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి సంవత్సరం విద్యార్థులు చాలామంది హ్యాకింగ్ మోజుతో కాలీ లినక్స్‌తో మొదలుపెడుతుంటారు. అది భద్రతా పరీక్షలు చేసే నిపుణుల కోసం కూర్చినది, లినక్స్ కొత్తవారికి తగినది కాదని దాని తయారీదారులే తమ పత్రాలలో రాశారు. ఇక మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉంది, హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం చేసిన కృషి ఉంది, కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి ఉబుంటు ఆధారిత వ్యవస్థ నడుస్తోంది. వీటి గురించి తెలుసుకోవడం మంచిదే, అయితే ఇంట్లో ఒక్కరే కూర్చొని నేర్చుకొనేటప్పుడు ఎక్కువమంది వాడే డిస్ట్రో ఉంటే ఇబ్బందికి సమాధానం త్వరగా దొరుకుతుంది.

ఎవరు మారకూడదు

ఈ ప్రశ్నను చివరికి వదిలేసేవారు ఎక్కువ, కాని ఇది డౌన్‌లోడుకు ముందే తేలాలి. దుకాణం లెక్కలు ట్యాలీలో రాసేవారు ఆ యంత్రాన్ని కదిలించవద్దు, ట్యాలీప్రైమ్ విండోస్ కోసం తయారైనది. ఫోటోషాప్ లేకుండా పని జరగని స్టూడియోలకూ అదే మాట. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలం ఇంకా పూర్తిగా పోలేదు. అవి యూనికోడ్ (అన్ని యంత్రాలకూ ఉమ్మడి అక్షర ప్రమాణం) ఫాంట్లు కావు, వాటి టైపింగ్ సాధనం విండోస్‌ది. పాతికేళ్ల పని ఆ ఫైళ్లలో ఉన్నవారు లినక్స్‌ను వేరే యంత్రంలో పెట్టుకోవాలి. డిజిటల్ సంతకం డాంగిల్‌తో ప్రభుత్వ పోర్టళ్లలో పత్రాలు దాఖలు చేసేవారు, తమ డాంగిల్‌కు లినక్స్ డ్రైవరు (పరికరాన్ని నడిపించే ప్రోగ్రాము) ఉందో లేదో తెలుసుకున్నాకే ముందుకు వెళ్లాలి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను లిబ్రే ఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేరు తెరుస్తుంది, అక్షరాలు పోవు. అయితే విండోస్‌లో గౌతమి ఫాంటుతో చేసిన తెలుగు పత్రాన్ని ఇక్కడ తెరిస్తే, ఆ ఫాంటు లేనందువల్ల మరొకటి వచ్చి చేరుతుంది, పంక్తులు కిందికి జారుతాయి, ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి మూడు వరుసలు పాకుతుంది. చదువుకోవడానికి ఇబ్బంది లేదు. ప్రచురణకు పంపేవారు మాత్రం ఒక నమూనా ఫైలుతో ముందే సరిచూసుకోవాలి.

పెన్ డ్రైవ్ తయారీ

8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి తీసుకోండి; అందులోని ఫైళ్లన్నీ చెరిగిపోతాయి కనుక ముందుగా వేరేచోట దాచుకోండి. మింట్ అధికారిక వెబ్‌సైటు నుండి మీరు ఎంచుకున్న రూపం తాలూకు ఐఎస్‌ఓ ఫైలును, అంటే మొత్తం వ్యవస్థను ఒకే ఫైలుగా కట్టిన ప్రతిని, దించుకోండి. అది దాదాపు 3 జీబీ ఉంటుంది.

ఫైలు వచ్చిన వెంటనే పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగాలి. 2016 ఫిబ్రవరి 20న మింట్ వెబ్‌సైటులోకి చొరబడిన వారెవరో డౌన్‌లోడు లంకెను మార్చి, రహస్య ప్రవేశ ద్వారం చేర్చిన నకిలీ ఐఎస్‌ఓను జనం చేతికి ఇచ్చారు. తయారీదారులు త్వరగానే గుర్తించి సైటును మూసి సరిదిద్దారు గాని, దించుకున్న ఫైలు చెక్‌సమ్‌ను సరిచూసుకోవడం అప్పటి నుండి మరింత అవసరమనిపిస్తుంది. చెక్‌సమ్ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది. ఎస్‌హెచ్‌ఏ256 పద్ధతిలో అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క బిట్ మారినా ఈ వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో 7-జిప్ ఉంటే, ఐఎస్‌ఓ ఫైలుపై కుడి క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కించమనవచ్చు. వచ్చిన వరుసను మింట్ సైటులో ప్రకటించిన దానితో పోల్చండి. మధ్యలో తెగిన డౌన్‌లోడు కూడా ఇక్కడే బయటపడుతుంది, పల్లెటూళ్ల నెట్ కనెక్షన్లలో ఎక్కువగా ఎదురయ్యేది అదే.

ఆ తరువాత, ఐఎస్‌ఓను పెన్ డ్రైవ్‌కు ఎక్కించే ప్రోగ్రాములైన రూఫస్ గాని, బలీనా ఎచర్ గాని తెరిచి, ఐఎస్‌ఓను, పెన్ డ్రైవ్‌ను చూపించి, రాయమని చెప్పాలి. ఎచర్‌లో నొక్కవలసినవి మూడే బటన్లు. రూఫస్‌లో ఎంపికలు ఎక్కువ. అది అడిగే ప్రశ్నలకు సూచించిన జవాబునే ఉంచేయవచ్చు. ఐఎస్‌ఓను మామూలు ఫైలులాగా పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బూట్ కాదు, అంటే యంత్రం దాని నుండి మొదలుకాదు. ఈ పొరపాటు చేసి పెన్ డ్రైవ్‌నే తప్పుపట్టినవారిని నలుగురిని చూశాను.

విండోస్‌ను ఆపే ముందు మరో రెండు పనులు ఉన్నాయి. సెట్టింగులలో డివైస్ ఎన్‌క్రిప్షన్ లేదా బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే ఏర్పాట్లు) పనిచేస్తూ ఉంటే, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి ఉంచండి. బయాస్‌లో (విండోస్‌కు ముందే తెరుచుకొనే యంత్రపు సొంత సెట్టింగులలో) ఏదైనా మార్చినప్పుడు విండోస్ దానిని అడిగే అవకాశం ఉంది. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్‌ను తీసివేయండి. అది ఉండగా షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ మీ డిస్కును చదవగలదు గాని, అందులో రాయడానికి నిరాకరిస్తుంది.

లైవ్ సెషన్‌లో ఏం చూడాలి

పెన్ డ్రైవ్ పెట్టి, యంత్రాన్ని ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీని వరుసగా నొక్కాలి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తరువాత ఎఫ్9. అసూస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12 అయినా దానిని ముందుగా బయాస్‌లో అనుమతించవలసి రావచ్చు. కీ అందకపోతే విండోస్‌లో షిఫ్ట్ కీని పట్టుకొని రీస్టార్ట్ నొక్కితే, పరికరాన్ని ఎంచుకొనే నీలిరంగు తెర వస్తుంది. జాబితాలో పెన్ డ్రైవ్‌ను ఎంచుకున్నాక మింట్ మెనూ కనిపిస్తుంది. మొదటి వరుసనే ఎంచుకోండి. తెర నల్లగా ఉండిపోతే, మళ్లీ మొదలుపెట్టి కంపాటిబిలిటీ మోడ్ వరుసను ఎంచుకోండి.

కాసేపటికి డెస్క్‌టాప్ వస్తుంది. ఈ స్థితిని లైవ్ సెషన్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం పెన్ డ్రైవ్ నుండి, ర్యామ్ నుండి నడుస్తూ ఉంటుంది. మీ హార్డ్ డిస్కుపై మీరు కావాలని చేస్తే తప్ప ఏదీ మారదు. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అనే గుర్తు ఉంటుంది, దాని జోలికి ఈ రోజు వెళ్లవద్దు. పెన్ డ్రైవ్ నెమ్మది కనుక ప్రతి ప్రోగ్రామూ మొదటిసారి తెరుచుకోవడానికి సమయం తీసుకుంటుంది. వేగాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి, పరికరాలు పనిచేస్తున్నాయా లేదా అన్నదే ఇప్పుడు చూడవలసినది.

మొదట వైఫై. కుడి మూలన నెట్‌వర్క్ గుర్తు నొక్కితే మీ ఇంటి వైఫై పేరు కనిపించాలి. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ చిప్‌ల విషయంలో జాబితా ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఫోనును డేటా కేబులుతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లినక్స్‌కు అది తీగ కనెక్షన్ వలె కనిపిస్తుంది, వేరే డ్రైవరు అక్కరలేదు. ఆ నెట్‌తో డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన వైఫై డ్రైవరును అదే చాలాసార్లు వెతికి చూపిస్తుంది. మా ల్యాప్‌టాప్ గండం గట్టెక్కింది ఈ దారిలోనే.

తరువాత ఒక వీడియో పెట్టి శబ్దం వినండి, హెడ్‌ఫోన్ గుచ్చి మళ్లీ వినండి. వెబ్‌క్యామ్‌ను బ్రౌజరులోని ఏదైనా వీడియో కాల్ పేజీలో పరీక్షించవచ్చు. తెర వెలుతురు కీలు, టచ్‌ప్యాడ్‌పై రెండు వేళ్ల స్క్రోలింగ్, బ్లూటూత్ ఒక్కొక్కటిగా చూడండి. అందరూ మరిచిపోయేది మూత పరీక్ష: ల్యాప్‌టాప్ మూసి, రెండు నిమిషాలు ఆగి తెరవండి. తెర తిరిగి వెలగాలి, వైఫై తిరిగి కలవాలి. పాత యంత్రాలలో తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. ప్రింటరు ఉంటే కలిపి ఒక పేజీ తీయండి. హెచ్‌పీ ప్రింటర్లకు మద్దతు సాధారణంగా బాగుంటుంది. మన జిరాక్సు దుకాణాలలో ఎటు చూసినా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 మాత్రం సొంత పద్ధతిలో మాట్లాడే ప్రింటరు, లినక్స్‌లో దానిని కుదర్చడం కొత్తవారి పని కాదు.

తెలుగు విషయానికి కాస్త ఎక్కువ సమయం కేటాయించండి. చదవడంలో సాధారణంగా చిక్కు ఉండదు. ఒక తెలుగు పత్రిక సైటు తెరిచి, ఒత్తులు, సంయుక్తాక్షరాలు సరిగా కూర్చున్నాయో చూస్తే చాలు. టైపింగ్‌కు రెండు దారులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) వచ్చినవారు కీబోర్డు సెట్టింగులలో తెలుగు లేఅవుట్‌ను చేర్చుకుంటే ఆ క్షణం నుండే రాయవచ్చు. ఇంగ్లిషు అక్షరాలతో రాసే అలవాటు ఉన్నవారు ఇన్‌పుట్ మెథడ్ సాధనంలో ఐబస్‌ను ఎంచుకొని, సాఫ్ట్‌వేరు మేనేజర్ నుండి ఎం17ఎన్ ప్యాకేజీని చేర్చుకోవాలి. అందులో తెలుగుకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఉంది, యాపిల్ కీబోర్డుకు అలవాటుపడినవారికి ఆ అమరికా ఉంది. ఫోనులోని గూగుల్ కీబోర్డు లాగా ఇది మీ ఉద్దేశాన్ని ఊహించి పదాలు సూచించదు, మీరు కొట్టిన అక్షరాన్ని నియమం ప్రకారం మారుస్తుంది. నాన్నగారు రెండు రోజులు విసుక్కున్నారు, మూడో రోజు నుండి పెద్ద ళకు, చిన్న లకు తేడా తానే చూసుకోగలుగుతున్నందుకు సంతోషించారు. ఈ ప్యాకేజీని లైవ్ సెషన్‌లోనే చేర్చి చూడవచ్చు. ర్యామ్‌లో ఉంటుంది కనుక రీస్టార్ట్‌తో మాయమవుతుంది, అంతే.

పరీక్ష ముగించి విండోస్‌లోకి వెళ్లాక గడియారం ఒక్కోసారి సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి కనిపిస్తుంది. వైరస్ అని కంగారుపడకండి. మదర్‌బోర్డులోని గడియారంలో విండోస్ స్థానిక సమయాన్ని ఉంచుతుంది, లినక్స్ గ్రీనిచ్‌ను అనుసరించే అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది. మన దేశానికి ఆ తేడా 5.30 గంటలు. విండోస్ సెట్టింగులలో సమయాన్ని ఒకసారి సింక్ చేస్తే సరిపోతుంది.

పెన్ డ్రైవ్‌తో బూట్ చేయడానికి సందేహించేవారు విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటరు లోపల మరో కంప్యూటరును నడిపే ప్రోగ్రాము) పెట్టుకొని, దానికి 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు కేటాయించి మింట్‌ను నడిపి చూడవచ్చు. డెస్క్‌టాప్ తీరు తెలుస్తుంది గాని మీ వైఫై చిప్, మూత, ప్రింటరు సంగతి తేలదు. పైగా 4 జీబీ మాత్రమే ఉన్న యంత్రంలో ఆ ప్రయత్నమే కుదరదు.

మార్చాలని నిశ్చయించుకుంటే

ఒక పూటతో తొందరపడకుండా, వారం పాటు రోజుకు గంట లైవ్ సెషన్‌లో మీ పనులు చేసుకోండి. తరువాత ఫైళ్లన్నింటినీ బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందని చూశాకే ఇన్‌స్టాల్ గుర్తును నొక్కండి. మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు ఆడించడానికి కావలసినవి) చేర్చాలా అని అడిగినప్పుడు చేర్చమనండి. అసలు ప్రమాదం ఆ తరువాతి తెరలో ఉంది. విండోస్ పక్కనే ఉంచి ఇన్‌స్టాల్ చేయడం ఒక ఎంపిక, డిస్కు మొత్తాన్ని తుడిచి ఇన్‌స్టాల్ చేయడం మరొకటి. కొన్నేళ్ల క్రితం రెండు డిస్కులున్న నా కంప్యూటరులో, ఎస్‌డీఏ ఏదో ఎస్‌డీబీ ఏదో (లినక్స్ డిస్కులకు పెట్టే పేర్లివి) చూడకుండా ముందుకు నొక్కి, చెల్లెలి పెళ్లి ఫోటోలున్న డిస్కును తుడిచేశాను. ఆల్బమ్‌లో అంటించిన నలభై ఫోటోలు తప్ప ఇప్పుడు మా దగ్గర ఏమీ లేవు. పేరును కాకుండా పరిమాణాన్ని చూడండి: 500 జీబీ డిస్కు ఏది, 1 టీబీ డిస్కు ఏది అని చదివి, నోటితో పలికి, అప్పుడు నొక్కండి. డిస్కే కనిపించకపోతే, బయాస్‌లో స్టోరేజి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉందేమో చూసి ఏహెచ్‌సీఐ అనే సాధారణ పద్ధతికి మార్చవలసి ఉంటుంది. విండోస్‌ను కూడా ఉంచుకొనేవారు ఈ మార్పును తెలిసినవారి సాయంతోనే చేయాలి, లేకపోతే విండోస్ బూట్ కాకపోవచ్చు.

ఇన్‌స్టాల్ ముగిసి మొదటిసారి తెరుచుకోగానే అప్‌డేట్లు పెట్టించి, టైమ్‌షిఫ్ట్ తెరిచి ఒక స్నాప్‌షాట్ తీయండి. తరువాత ఏదైనా అప్‌డేట్ తేడా చేస్తే వ్యవస్థను ఆ రోజుకు వెనక్కి తీసుకువెళ్లవచ్చు. అది వ్యవస్థ ఫైళ్లను మాత్రమే కాపాడుతుంది. మీ ఫోటోల కాపీ బాధ్యత మీదే.

పెన్ డ్రైవ్‌ను మళ్లీ విండోస్ యంత్రానికి పెట్టినప్పుడు అది పాడైనట్లు కనిపించవచ్చు, ఫార్మాట్ చేయమని అడగవచ్చు, 8 జీబీకి బదులు కొన్ని ఎంబీలే చూపవచ్చు. రూఫస్‌లో బూట్ కాని రకాన్ని ఎంచుకొని స్టార్ట్ నొక్కితే అది మామూలు పెన్ డ్రైవ్ అవుతుంది. నేను మాత్రం దానిని చెరపలేదు. పొరుగింటి వారి విండోస్ తెరుచుకోక మొరాయించిన రోజున, అదే పెన్ డ్రైవ్‌తో లైవ్ సెషన్ తెరిచి, వాళ్ల అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టును మరో డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చాను. మీద చిన్న కాగితం అంటించి, మింట్ కూర్పు సంఖ్య రాసి, కరెంటు బిల్లులు ఉంచే సొరుగులో పెట్టాను.